రాత్రి పదకొండింటికి ఎండ



రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతి అలా ఉంచితే, ఆ రోజుల్లో సాయంత్రం ఏడు దాటినా డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. పగలంతా ఎండ ఇంత ధారాళంగా కాస్తోంది కదా, ఆ ఎండతోనే కరెంటు చేసుకుని, దాన్ని బ్యాటరీలో దాచుకుని, రాత్రి ఏసీ వేసుకుని హాయిగా పడుకోవచ్చు కదా అని ఇప్పుడు చాలామందికి అనిపిస్తోంది. ఆలోచన మంచిదే, సాధ్యం కూడా. కాకపోతే అమ్మకానికి వచ్చినవాళ్లు చెప్పే లెక్క ఒకటి, రాత్రి మూడింటికి ఏసీ ఆగిపోయి చెమటతో లేచి కూర్చున్నప్పుడు మనకు తెలిసివచ్చే లెక్క ఇంకొకటి. ఇవాళ్టి ప్రసంగం ఆ రెండో లెక్క గురించి. దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే తెచ్చుకోండి. కొన్ని అంకెలు చెప్పక తప్పదు.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. మేడ మీద సోలార్ ప్యానెళ్లున్న ఇంట్లో కరెంటు పోయినా దీపాలు వెలుగుతాయని చాలామంది అనుకుంటారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇళ్ల మీద కనిపించే ప్యానెళ్లలో ఎక్కువ భాగం ఆన్‌గ్రిడ్ రకం. అవి వీధి లైనుతో జతపడి పనిచేస్తాయి. లైనులో కరెంటు ఉంటేనే వాటి ఇన్వర్టర్ పనిచేస్తుంది, లేకపోతే ఆ క్షణమే తనంతట తాను ఆగిపోతుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. స్తంభం ఎక్కి తీగ సరిచేస్తున్న లైన్‌మన్‌కు మన ఇంటి మీది కరెంటు వెనక్కి వెళ్లి తగలకూడదు కదా! అందువల్ల మే నెల మిట్టమధ్యాహ్నం ప్యానెళ్ల మీద ఎండ దంచుతున్నా, లైను పోతే ఆ ఇంట్లో ఫ్యాను కూడా తిరగదు. లక్షలు పోసి పెట్టించుకున్నాక ఈ సంగతి తెలిసి నిర్ఘాంతపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీ ఉండాలి, ఆ బ్యాటరీని, ప్యానెళ్లను, వీధి లైనును మూడింటినీ చూసుకోగల హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి.

ఇప్పుడు ఏసీ దగ్గరికి వద్దాం. టన్ను, టన్నున్నర అంటాం. ఆ అంకె గదిలోంచి ఎంత వేడిని బయటికి తోడగలదో చెబుతుంది, ఎంత కరెంటు తింటుందో చెప్పదు. ఒక టన్ను ఏసీ గంటకు మూడున్నర యూనిట్లకు సమానమైన వేడిని తీసి బయట పారేస్తుంది. అందుకు తాను తినేది అందులో నాలుగో వంతో, ఐదో వంతో. ఏసీ చలిని పుట్టించదు, ఉన్న వేడిని ఇక్కణ్ణించి అక్కడికి మోస్తుంది. అందుకే ఖర్చు తక్కువ. అయితే బయట ఎంత వేడిగా ఉంటే మోత అంత కష్టం. 43 డిగ్రీల మధ్యాహ్నం టన్నున్నర ఏసీ పూర్తి వేగంతో తిరిగితే కిలోవాటున్నర దాకా లాగుతుంది. అదే ఏసీ రాత్రి ఒంటిగంటకు, గది చల్లబడ్డాక, వేగం మార్చుకోగల ఇన్వర్టర్ రకమైతే తగ్గి తగ్గి 500 వాట్లకు కూడా దిగుతుంది.

మీ ఏసీ సంగతి మీరే తెలుసుకోవచ్చు. ముందు భాగాన నక్షత్రాలున్న బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) లేబుల్ అతికించి ఉంటుంది. దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో రాసి ఉంటుంది. ఆ అంకె 1600 గంటల వాడకానికి కట్టినది. దాన్ని 1600తో భాగిస్తే గంటకు సగటున ఎంతో వస్తుంది. ఉదాహరణకు 800 యూనిట్లని ఉంటే గంటకు అర యూనిట్. ఆగండి, సంబరపడకండి. ఆ లెక్క 24 డిగ్రీల నుంచి 43 డిగ్రీల దాకా రకరకాల వాతావరణాలను కలిపి తీసిన సగటు. మే నెల విజయవాడ రాత్రి ఆ సగటులో ఇమడదు. దానికి ఇంకో సగం కలుపుకోండి. గంటకు ముప్పావు యూనిట్. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఎనిమిది గంటలంటే ఆరు యూనిట్లు. గది చిన్నదై, ఒక టన్ను ఏసీతో సరిపోతే నాలుగు. పై అంతస్తు కాకుండా మధ్య అంతస్తు అయితే మూడున్నరతోనూ గడుస్తుంది.

ఈ నాలుగు, ఆరు అనే అంకెలను గుర్తుంచుకుని మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ వైపు చూడండి. మామూలుగా అది 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. రెండింటినీ గుణిస్తే 1800, అంటే రెండు యూనిట్లకు కాస్త తక్కువ, అదీ కాగితం మీద. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చచ్చిపోతుంది. పైగా ఒక్కసారిగా ఎక్కువ లాగితే అది ఇవ్వగలిగింది కూడా ఇవ్వదు. నాలుగు లైట్లు, మూడు ఫ్యాన్లతో కొన్ని గంటలు గడిపే ఆ బ్యాటరీ మీద ఏసీ పెడితే గంట కూడా నిలవదు. అసలు 900 వీఏ ఇన్వర్టర్ ఆ బరువు మోయనే మోయదు, ట్రిప్ అయిపోతుంది.

ఇక్కడ కిలోవాట్లకూ యూనిట్లకూ తేడా పట్టుకోవాలి. కుళాయి ఎంత లావుగా పారుతుందో అది కిలోవాటు, ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో అది యూనిట్. ఇన్వర్టర్‌ను కుళాయి చూసి కొనాలి, బ్యాటరీని ట్యాంకు చూసి కొనాలి. ఒకటి పెద్దదై రెండోది చిన్నదైతే డబ్బు దండగ. టన్నున్నర ఏసీ ఒకటి, ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్లు నడవాలంటే ఇన్వర్టర్ 3 కేవీఏకి తగ్గకూడదు, 5 కేవీఏ అయితే నిశ్చింత. పాత రకం ఏసీ ఉంటే, అంటే వేగం మార్చుకోలేని కంప్రెసర్ ఉన్నదైతే, మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకే చాలా ఇన్వర్టర్లు చేతులెత్తేస్తాయి. బ్యాటరీ మీద నడపాలనుకుంటే ముందు ఆ ఏసీని మార్చండి. ఆ ఖర్చును కూడా సోలార్ ఖర్చులోనే రాసుకోండి.

బ్యాటరీల్లో ఇప్పుడు అందరూ లిథియం అంటున్నారు. ఇంటికి తగినది అందులో ఒక రకం, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1997లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం దాని గురించి ప్రకటించింది. ఆ పరిశోధనా పత్రం మీద ఆయన పేరుతో పాటు పాఢి, నంజుండస్వామి అని మరో రెండు పేర్లుంటాయి. గుడెనఫ్‌కు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఫోన్లలో వాడే కొన్ని లిథియం రకాల కన్నా ఈ రకం బరువెక్కువ, కానీ మంట పట్టే ప్రమాదం తక్కువ. గోడకు తగిలించే బ్యాటరీకి బరువుతో పనేముంది? నెలనెలా డిస్టిల్డ్ వాటర్ పోయనక్కర్లేదు, పదింట తొమ్మిది వంతులు వాడుకున్నా పాడవదు, కొన్ని వేల సార్లు నింపి ఖాళీ చేయొచ్చు. బజారులో ఎక్కువగా దొరికేది 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ల పెట్టె. అంటే ఐదు యూనిట్లు. అందులో చేతికొచ్చేది నాలుగున్నర. ఇన్వర్టర్ మార్పిడిలో పోయేది పోగా ఏసీకి చేరేది నాలుగు యూనిట్లకు కాస్త పైన. ఇప్పుడు మన అంకెలతో పోల్చండి. ఒక పెట్టె, ఒక చిన్న పడగ్గది, ఒక రాత్రి, సరిగ్గా సరిపోతుంది. టన్నున్నర ఏసీ అయితే తెల్లవారుజామున చాలదు. ఇంట్లో మూడు ఏసీలూ రాత్రంతా బ్యాటరీ మీదే అంటే, ఆ మాట అన్నవారికి మొదట ఈ గుణకారం చేసి చూపించండి.

ఆ ఐదు యూనిట్లను నింపడానికి పగలు ఆరు యూనిట్లు తయారవ్వాలి. మన ప్రాంతంలో ఒక కిలోవాటు ప్యానెళ్లు రోజుకు సుమారు నాలుగు యూనిట్లిస్తాయి. అంటే బ్యాటరీ కోసమే కిలోవాటున్నర కేటాయించాలి. మిగతా ఇల్లు వేరే. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే పన్నెండు యూనిట్లు, అందులో సగం రాత్రి ఏసీకి పోతుంది. ఇందులో ఒక చమత్కారం ఉంది, ఎండ ఎక్కువైతే ప్యానెల్ ఎక్కువ ఇస్తుందనుకుంటాం. వెలుగు ఎక్కువైతే ఇస్తుంది కానీ, వేడి ఎక్కువైతే తగ్గుతుంది. ప్యానెల్ మీద రాసే అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచినది. మే నెలలో దాని వెనక భాగం 65 డిగ్రీలు ఉంటుంది. ఒక్కో డిగ్రీకి ఒక శాతంలో మూడో వంతు చొప్పున కోత పడి, నూటికి పదమూడు పద్నాలుగు పోతుంది. దాని మీద వేసవి దుమ్ము. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు నీళ్లతో కడిగితే చాలు, ఎర్రటి ఎండలో కాలిన అద్దం మీద చన్నీళ్లు కొట్టకండి.

సరే, సాంకేతికం అయింది. డబ్బు సంగతి మాట్లాడుకుందాం. నా అభిప్రాయం చాలామందికి రుచించకపోవచ్చు.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం తెచ్చింది. రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000, మొత్తం మీద 78,000 దాకా రాయితీ. ఈ రాయితీ ఎండను కరెంటు చేసే సరంజామాకు, దాచుకునే బ్యాటరీకి కాదు. ఈ పథకం కింద పెట్టుకున్న ఇంటికి నెట్ మీటర్ వస్తుంది. పగలు మనం వాడుకోగా మిగిలింది వీధి లైనులోకి పోతుంది, రాత్రి లైను నుంచి మనం తీసుకుంటాం, పోయినదీ వచ్చినదీ కొట్టేసుకుని మిగిలినదానికే బిల్లు. అంటే ఏమిటి? డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, మధ్యాహ్నం ఒక యూనిట్ ఇచ్చి, రాత్రి పదకొండింటికి అదే యూనిట్ వెనక్కి తీసుకుంటున్నాం. మధ్యలో నష్టం లేదు, బ్యాటరీ అరిగేది లేదు, లక్ష రూపాయల పెట్టె కొనేది లేదు. నెట్ మీటర్ ఉన్నంతకాలం సొంత బ్యాటరీ ఒక్క రూపాయి కూడా మిగల్చదు. పైగా నింపి ఖాళీ చేయడంలో పదో పదిహేనో శాతం పోగొడుతుంది.

బిల్లు తగ్గించేది ప్యానెళ్లు. అదీ బాగానే తగ్గిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకు 226 నుంచి 400 యూనిట్ల మధ్య యూనిట్ ధర 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. మొదటి 30 యూనిట్లకు 1 రూపాయి 90 పైసలే. వేసవిలో ఏసీ యూనిట్లు ఎప్పుడూ పై మెట్టు మీదే కూర్చుంటాయి. సోలార్ వచ్చాక బిల్లు కోత కూడా పై మెట్టు నుంచే మొదలవుతుంది. తెలంగాణలో అంకెలు వేరైనా తీరు ఇదే. ఏసీ ఉన్న ఇంటికి సోలార్ కలిసి రావడానికి అసలు కారణం ఇది.

ఇక నెట్ మీటర్ లేదు, బ్యాటరీ ఒక్కటే దిక్కు అనుకుని లెక్క కడదాం. ఐదు యూనిట్ల పెట్టె లక్ష రూపాయలనుకోండి. కంపెనీని బట్టి అటూ ఇటూ ఉంటుంది. పదేళ్లు చక్కగా పనిచేసిందనుకోండి. వేసవి నాలుగు నెలలు, ఏసీకి మాత్రమే వాడితే ఏడాదికి 120 రాత్రులు, రాత్రికి నాలుగున్నర యూనిట్లు. పదేళ్లకు 5,400 యూనిట్లు. లక్షను దాంతో భాగిస్తే యూనిట్‌కు పద్దెనిమిదిన్నర రూపాయలు, అదీ దాచినందుకు మాత్రమే, ప్యానెళ్ల ఖర్చు కలపకుండా. అదే బ్యాటరీకి ఏడాది పొడవునా, సంక్రాంతి చలిలో కూడా సాయంత్రం వంటింటి మిక్సీ, గీజరు, టీవీ అని ఏదో ఒక పని చెబుతూ ఉంటే యూనిట్‌కు ఆరు రూపాయల చిల్లరకు దిగుతుంది. నాలుగు నెలల ఏసీ కోసం బ్యాటరీ కొని ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చోబెట్టడం మాత్రం శుద్ధ దండగ.

మరి ఎవరు కొనాలి? రాత్రిపూట కరెంటు నిజంగా పోయే ఊళ్లవాళ్లు. ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువెక్కువై మే నెలలో పదిన్నరకో పదకొండుకో పోయి ఒంటిగంటకు వచ్చే కాలనీలవాళ్లు. ఇంట్లో పసిపిల్లో, ఎనభై ఏళ్ల తాతగారో, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న మనిషో ఉన్నవాళ్లు. వాళ్లు కొనేది రాత్రి నిద్ర, ఒక్కోసారి ప్రాణం. అక్కడ యూనిట్ ఎంత పడిందన్న లెక్క పక్కన పెట్టాల్సిందే. మీరు ఆ కోవలోకి వస్తారో రారో తేల్చుకోవడానికి ఒక వేసవంతా కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. పోవడం గంటకు మించట్లేదని తేలితే మీకు ఐదు యూనిట్ల బ్యాటరీ అక్కర్లేదు. గది తలుపు మూసి ఉంటే, శ్లాబు చల్లగా ఉంటే, గంటసేపు ఫ్యానుతో గడిచిపోతుంది.

ఆ శ్లాబు గురించే ఇక కాస్త నింపాదిగా చెప్పాలని ఉంది. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అసలు ముద్దాయి అదే. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా వేడిని తాగుతుంది. ఆ వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. సరిగ్గా మనం పడుకునే వేళకు సీలింగ్‌లోంచి గదిలోకి కక్కుతుంది. రాత్రి ఏసీ తోడిపోసే వేడిలో ఎక్కువ భాగం మధ్యాహ్నం మన నెత్తిన నిలవ చేసుకున్నదే. పగటి ఎండనే పైన ప్యానెల్ కరెంటుగా బ్యాటరీలో దాస్తుంటే, పక్కనే శ్లాబు వేడిగా దాస్తుంది. రాత్రికి రెండూ ఏసీ దగ్గర కొట్టుకుంటాయి. వెనకటి వాళ్లు ఈ పొరపాటు చేయలేదు. రాయలసీమ మట్టి మిద్దెలు, కోస్తాలో తాటాకు కప్పులు, ఎత్తయిన పెంకుటిళ్లు వేడిని ఇంతగా లోపలికి దించేవి కావు. కాంక్రీటు వచ్చాక వర్షానికి భయం పోయింది, వేడికి దిక్కు లేకుండా పోయింది.

డాబాకు తెల్ల సున్నం వేయడం ఇవాళ్టి సంగతి కాదు. సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేసుకునే ఇళ్లు మన పట్టణాల్లో ఎన్నో ఉన్నాయి. ఒక వానాకాలంతో సగం పోతుంది, మళ్లీ వేసుకోవాలి, ఖర్చు తక్కువ. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే కూల్ రూఫ్ పెయింట్, ఇంకాస్త పెట్టగలిగితే తెల్ల టైల్స్. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించి, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పు ఇలా మార్చాలని లక్ష్యం పెట్టుకుంది. దేశంలో ఇలాంటి విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం అది. సోలార్ ప్యానెళ్లు కూడా ఈ పనిలో సాయం చేస్తాయి. శ్లాబుకూ ప్యానెల్‌కూ మధ్య గాలి ఆడేంత ఎత్తుంటే అవే పందిరి. శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో కొలిచి చూస్తే, ప్యానెళ్ల కింది సీలింగ్ పగటిపూట సుమారు మూడు డిగ్రీలు చల్లగా ఉందట. అందుకని ప్యానెళ్లను ఎక్కడ పెట్టమంటారని బిగించేవాళ్లు అడిగినప్పుడు, నీడ పడని చోటు చూసుకుంటూనే, వీలైతే పడగ్గది మీద పెట్టించుకోండి. మన దగ్గర వీటిని ఏడెనిమిది అడుగుల ఎత్తు స్టాండ్ల మీద పెట్టించే అలవాటు ఉంది, కింద బట్టలు ఆరేసుకోవచ్చని, వడియాలు పెట్టుకోవచ్చని. బాగానే ఉంటుంది కానీ, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరంలో ఉన్నవాళ్లు స్టాండు ఎంత గాలికి నిలుస్తుందో కాగితం మీద రాయించుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఎలా చేసిందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కప్పు తర్వాత పడమటి కిటికీ. దానికి లోపల కర్టెన్ కట్టడం కన్నా బయట వెదురు తడిక కట్టడం మేలు. వేడి అద్దం దాటి లోపలికి వచ్చాక ఆపి లాభం లేదు. ఇక ఏసీ అంకె. 2020 జనవరి నుంచి స్టార్ లేబులున్న కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన ఉంది. డిగ్రీ పెంచితే నూటికి ఆరు చొప్పున కరెంటు ఆదా అని బీఈఈ మాట. 26 పెట్టి, పైన ఫ్యాను రెండో నంబరు మీద తిప్పితే ఒంటికి 24లాగే ఉంటుంది. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను అయితే 30 వాట్ల లోపే. ఇవన్నీ చేశాక మళ్లీ లెక్క వేయండి. ఆరు యూనిట్ల గది నాలుగుకు దిగుతుంది, రెండు బ్యాటరీ పెట్టెలు కావాల్సిన చోట ఒకటి చాలుతుంది. పది వేల రూపాయల పూత లక్ష రూపాయల పెట్టెను తప్పించిందన్నమాట.

అందరికీ ఒకే లెక్క కుదరదని కూడా చెప్పాలి. అనంతపురంలో పగలు ఎంత కాచినా అర్ధరాత్రికి గాలి పొడిగా, కాస్త చల్లగా మారుతుంది. ఏసీ రెండు గంటలకు నెమ్మదిస్తుంది. అక్కడ చాలా ఇళ్లకు కూలర్ చాలు, అది తినేది 200 వాట్లే. పాత ఇన్వర్టర్ మీదే నడిచిపోతుంది. కాకినాడలో అలా కాదు. రాత్రి రెండింటికి కూడా ఉక్కపోత. ఏసీ వేడినే కాదు, గాలిలో తేమను కూడా పిండి బయట పోయాలి, ఆ పని తెల్లవార్లూ ఉంటుంది. కూలర్ అక్కడ తేమను ఇంకా పెంచుతుంది. కాబట్టి అనంతపురం బావగారు చెప్పిన బ్యాటరీ కొలత కాకినాడ బావమరిదికి చాలదు.

అమెరికాలో ఉన్న పిల్లలు పెద్ద బ్యాటరీ పెట్టించామని ఫోటోలు పంపుతుంటారు, చూసి మనం ఉత్సాహపడతాం. అక్కడ బాగా అమ్ముడయ్యే టెస్లా పవర్‌వాల్‌లో 13.5 యూనిట్లుంటాయి. మన పెట్టెకు దాదాపు మూడింతలు. కానీ అక్కడ ఏసీ ఒక గదికి కాదు, ఇల్లంతటికీ ఒకటే. మూడు నాలుగు టన్నులు. టెక్సాస్ ఎండలో అది పూర్తిగా తిరిగితే ఆ 13.5 యూనిట్లు నాలుగు గంటల్లో హరీ. 2024 జులైలో బెరిల్ తుపాను వచ్చి హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మన తెలుగువాళ్లు బోలెడుమంది ఉండే ఊరది. కొన్నిచోట్ల రోజుల తరబడి రాలేదు, పైన మండే ఎండ. అలాంటప్పుడు పెద్ద బ్యాటరీ ఉన్న పెద్ద ఇంటికన్నా, ఒక్క గదికి చిన్న ఏసీ బిగించుకున్న ఇంటికి ఎక్కువసేపు చల్లదనం దక్కుతుంది. ఒక గదిని మూసుకుని చల్లబరుచుకునే మన పద్ధతి బ్యాటరీకి బాగా సరిపడే పద్ధతి.

రాత్రి కోసం పగటి కరెంటును దాచడం ఇంటి స్థాయిలోనే జరగాలని లేదు కూడా. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు యంత్రాలున్నాయి. అవి నీళ్లతో కరెంటు తీయగలవు, తిప్పి నడిపితే కరెంటుతో నీళ్లను పైకి ఎత్తనూ గలవు. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఉద్దేశం కూడా పగటి సోలార్‌తో నీళ్లు ఎత్తి, చీకటి పడ్డాక దించడమే. మన నెట్ మీటర్ యూనిట్లను రాత్రికి తిరిగి ఇవ్వాల్సిన డిస్కంకు ఆ బరువు నానాటికీ పెరుగుతోంది. అందుకే ధరల పద్ధతి మారబోతోంది. కేంద్రం 2023లో సవరించిన నిబంధనల ప్రకారం స్మార్ట్ మీటర్ ఉన్నచోట ఎండ ఉన్న వేళల్లో కరెంటు ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి, సాయంత్రం రద్దీ వేళల్లో ఎక్కువ ఉండాలి. అది మన ఇళ్ల దాకా గట్టిగా వచ్చిన రోజున నేనిందాక చెప్పిన బ్యాటరీ లెక్క మారుతుంది. కాబట్టి ఇప్పుడు కొనకపోయినా, ప్యానెళ్లు పెట్టించేటప్పుడే తర్వాత బ్యాటరీ తగిలించుకోగల హైబ్రిడ్ ఇన్వర్టర్ ధర కూడా అడిగి చూడండి. ఈలోగా పగలు ఇంట్లో ఉండే పెద్దవాళ్లు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మొహమాటం లేకుండా ఏసీ వేసుకోవచ్చు. అది నేరుగా ప్యానెళ్ల మీద నడిచేది, బ్యాటరీతో పని లేదు.

చివరిగా, కొనడానికే నిశ్చయించుకున్నవాళ్లకు రెండు మాటలు. బ్యాటరీని డాబా మీది రేకుల గదిలో పెట్టించకండి. లిథియంకు వేడి పడదు, 45 డిగ్రీలు దాటితే చాలా బ్యాటరీలు నింపుకోవడమే మానేస్తాయి, ఆయుష్షూ తగ్గుతుంది. పడగ్గదిలోనూ వద్దు. కింద అంతస్తులో, గాలి తగిలే, ఎండ తగలని వరండా గోడ మంచిది. సీసం బ్యాటరీ అయితే నింపేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, మూసిన అలమరలో అసలే పెట్టకూడదు. ఎర్తింగ్ కొత్తగా వేయించండి, పాతదానికి కలిపేస్తామంటే ఒప్పుకోకండి. గ్యారంటీ కాగితంలో ఏళ్లు ఎన్ని అని మాత్రమే చూడకుండా, ఆ ఏళ్ల చివర బ్యాటరీ ఎంత శాతం మిగిలి ఉంటుందని రాశారో చూడండి.

డబ్బంతా ఒక్కసారే ఇచ్చేయకండి. బిగించి వెళ్లాక ఒక వేడి రాత్రి చూసుకుని, పదకొండు గంటలకు మీటరు దగ్గర మెయిన్ ఆఫ్ చేయండి. పడగ్గదిలో ఏసీ 26 మీద, ఫ్యాను, ఒక దీపం, వంటింట్లో ఫ్రిజ్ నడవనివ్వండి. బ్యాటరీ పెట్టె మీద ఆ సమయానికి ఎంత శాతం ఉందో రాసుకుని పడుకోండి. ఉదయం ఆరింటికి ఎంతుందో చూసి, అమ్మినవాళ్లు చెప్పిన అంకె పక్కన రాయండి. రెండూ సరిపోతేనే ఆఖరి వాయిదా చెల్లించండి.